ఇంట్లో బీమా కాగితాలు సర్దుకునే పద్ధతి: వెతికితే దొరకాలి, దొరికితే చెల్లాలి

బీమా కాగితాలు ఎలా దాచుకోవాలని అడిగేవారు చాలావరకు ఏ ఫైలు కొనాలి, ఏ అరలో పెట్టాలి అన్న దగ్గర మొదలుపెడతారు. దానికి జవాబు ఏడో మెట్టులో ఉంది. అంతకన్నా ముందు తేల్చుకోవలసినది, అవసరం వచ్చిన రోజున ఆ కాగితాలను బయటికి తీసేది ఎవరు అన్నది. గడువు తీరి డబ్బు వచ్చే సందర్భం మినహాయిస్తే, జీవిత బీమా బాండును వెతికేది దాని మీద పేరున్న మనిషి కాదు; భార్యో, భర్తో, బెంగళూరులోనో చెన్నైలోనో ఉద్యోగం చేసుకుంటున్న పిల్లలో వెతుకుతారు. ఆరోగ్య బీమా కార్డును ఆసుపత్రి కౌంటరు దగ్గర చూపేది కూడా పడకలో ఉన్న రోగి కాదు, వెంట వెళ్లినవారు.

కాబట్టి సర్దుబాటుకు రెండు పరీక్షలు పెట్టుకోవాలి. ఇంటి లెక్కలు తెలియని మనిషికి కూడా కాగితం కొద్ది నిమిషాల్లో దొరకాలి. దొరికిన కాగితంలో పేరు, వయసు, నామినీ, బ్యాంకు ఖాతా వివరాలు నేటికి చెల్లేవిగా ఉండాలి. రెండో పరీక్షలో బయటపడే తప్పులను పాలసీదారు బతికి ఉండగా ఒక దరఖాస్తుతో, ఒక సంతకంతో దిద్దుకోవచ్చు. ఆ తరువాత అదే పనికి అఫిడవిట్లు, సాక్షులు, ధ్రువపత్రాలు కావాలి. అందుకే ఈ మార్గదర్శిలో నాలుగో మెట్టు అన్నిటికన్నా పొడవుగా ఉంది. తొందరలో ఉన్నవారు మిగతావి దాటేసినా దాన్ని దాటవద్దని మనవి.

1. పనికి కూర్చునే ముందు

ఒక సెలవు పూట చాలు. ఇంట్లో పెద్దవారు ఉన్న రోజునే పెట్టుకోవాలి, ఎందుకంటే పాత బాండ్ల సంగతులు వారి జ్ఞాపకంలోనే ఉంటాయి. వానాకాలంలో, అంటే మన తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, కాగితాలు తేమ పట్టి ఉంటాయి కనుక, ఎండ కాసే నెలల్లో చేయడం మేలు.

దగ్గర ఉంచుకోవలసినవి:

□ అందరి ఆధార్, పాన్ కార్డులు
□ ఇంట్లోవారి బ్యాంకు పాసుపుస్తకాలన్నీ, తాజా పద్దులు వేయించినవి
□ ఒక పెద్ద గీతల నోటుపుస్తకం, పెన్సిలు
□ ప్లాస్టిక్ క్లిప్పులు, గట్టి అట్ట ఫైళ్లు నాలుగు
□ బండి ఆర్‌సీలు, ఇంటి పన్ను రసీదు
□ ఉద్యోగస్తులు ఉంటే తాజా జీతపు చీటీ

స్టేప్లరు, గుండుసూదులు తెచ్చుకోవద్దు. తుప్పు పట్టిన పిన్ను చుట్టూ కాగితం ముందుగా చినుగుతుంది, సాధారణంగా పాలసీ నంబరు ఉండేది కూడా ఆ మూలనే.

2. ఇంట్లో ఉన్న బీమాలన్నిటినీ వెలికితీయడం

బాండ్లు ఉన్నంతవరకే బీమా ఉందనుకోవడం పొరపాటు. కాగితం అంటూ చేతికి రాని బీమాలు ప్రతి ఇంట్లోనూ కొన్ని ఉంటాయి, క్లెయిము చేయకుండా పోయేవి ఎక్కువగా అవే.

పాసుపుస్తకంలో మే నెలాఖరు పద్దులు చూడండి. 436 రూపాయలు తగ్గి ఉంటే అది ప్రధానమంత్రి జీవన జ్యోతి బీమా. చేరిన మొదటి 30 రోజులు దాటాక ఏ కారణంతో మరణించినా 2 లక్షలు వస్తుంది. 20 రూపాయలు తగ్గి ఉంటే అది సురక్షా బీమా; ప్రమాద మరణానికి 2 లక్షలు. రెండూ జూన్ 1 నుంచి మే 31 వరకు ఏడాదికొకసారి నడిచేవి. వీటికి బాండు ఉండదు. పాసుపుస్తకంలోని ఆ పద్దే ఆధారం కాబట్టి ఆ పేజీని జెరాక్సు తీసి ఉంచాలి. క్లెయిము ఫారం మరణం తరువాత 30 రోజుల్లోగా బ్యాంకు శాఖలో ఇవ్వడం మంచిది.

జీతపు చీటీలో భవిష్యనిధి (ఇ.పి.ఎఫ్.) కోత ఉన్న ప్రతి ఉద్యోగికీ ఇ.డి.ఎల్.ఐ. బీమా దానితోపాటే వస్తుంది. దాని గరిష్ఠ మొత్తం 7 లక్షలు. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులకూ ఉపాధ్యాయులకూ ఎ.పి.జి.ఎల్.ఐ. (రాష్ట్ర ప్రభుత్వ జీవిత బీమా) కోత ఉంటుంది, జీతం పెరిగి కోత పెరిగినప్పుడు అదనపు బాండు వస్తుంది కనుక ఒకే మనిషికి నాలుగైదు బాండ్లు ఉండవచ్చు. తపాలా జీవిత బీమా, గ్రామీణ తపాలా జీవిత బీమా ఉన్నవారి ఇంట్లో బాండు ఒక చోట, ప్రీమియం పుస్తకం మరొక చోట ఉండడం మామూలే.

ఇంటి రుణం, బండి రుణం, వ్యవసాయ రుణం తీసుకున్నప్పుడు బ్యాంకు కట్టించిన బీమాలు కూడా వెతకాలి. రుణపు స్టేట్‌మెంట్‌లో మొదటి నెల పద్దుల్లో ఆ మొత్తం కనిపిస్తుంది. పాడి ఉన్న ఇళ్లలో ఆవుల బీమా పత్రాలు పశువైద్యుని చీటీలతో కలిసి పశువుల కొట్టంలోనో, పాల కేంద్రం పుస్తకంలోనో ఉంటాయి. వాటినీ ఇంట్లోకి తేవాలి.

కనిపించినవన్నీ నోటుపుస్తకంలో వరుసగా రాసుకోండి. ఈ దశలో చదవడం, విడదీయడం వద్దు. ఏరి ఒకచోట పోయడమే పని.

3. ఎప్పుడు అవసరమో దాన్ని బట్టి నాలుగు భాగాలు

కంపెనీల వారీగా సర్దడం చూడ్డానికి పద్ధతిగా ఉంటుంది గాని అవసరంలో పనికిరాదు. అర్ధరాత్రి ఆసుపత్రికి బయలుదేరే మనిషి కంపెనీ పేరు గుర్తు తెచ్చుకోడు. నా ఉద్దేశంలో సరైన విభజన ఇది:

(అ) ప్రాణం మీద బీమాలు: జీవిత బీమా, టర్మ్ పాలసీలు, ప్రమాద బీమా, పాసుపుస్తకం ద్వారా కట్టినవి.
(ఆ) ఆసుపత్రికి పట్టుకెళ్లేవి: ఆరోగ్య బీమా, ఉద్యోగం తరఫు గ్రూపు బీమా, ఎన్‌టీఆర్ వైద్య సేవ, ఆయుష్మాన్ కార్డులు.
(ఇ) బండ్లు.
(ఈ) ఇల్లు, సామాను, పశువులు.

ప్రతి భాగంలోనూ నడుస్తున్నవి పైన, ముగిసినవి కింద పెట్టండి. ఏది నడుస్తోందో, ఏది లాప్స్ అయిందో తెలియకపోతే పక్కన పెట్టి, మరునాడు శాఖకు వెళ్లి స్టేటస్ రిపోర్టు అడగండి. ప్రీమియం ఆగిపోయిన పాత బాండును చెత్త కింద లెక్కగట్టి పారేయవద్దు. నిర్ణీత కాలం కట్టి ఆపిన పాలసీకి చెల్లింపు విలువ, అంటే కట్టినంత మేరకు తగ్గించి ఇచ్చే మొత్తం, మిగిలి ఉండవచ్చు.

4. ప్రతి బాండునూ చదివి తప్పులు పట్టడం

పెన్సిలు చేత పట్టుకొని ఒక్కొక్క బాండులో కింది ఆరు అంశాలను ఆధార్, పాన్, పాసుపుస్తకాలతో సరిపోల్చాలి. తేడా కనిపించిన చోట బాండు మీద రాయకూడదు. నోటుపుస్తకంలో ఆ పాలసీ ఎదురుగా రాయాలి.

పేరు. మన జిల్లాల్లో అన్నిటికన్నా ఎక్కువ చిక్కు ఇక్కడే వస్తుంది. బాండులో "కె. మునిరత్నం", ఆధార్‌లో "కొత్తపల్లి మునిరత్నం నాయుడు", పాసుపుస్తకంలో "మునిరత్నం కె." అని ఉంటే, ముగ్గురూ ఒకరేనని ఇంట్లోవారికి తెలుసు గాని కంప్యూటరుకు తెలియదు. నగరి, పుత్తూరు, సత్యవేడు, కుప్పం వైపు తమిళం మాట్లాడే కుటుంబాల్లో ఇంటిపేరుకు బదులు తండ్రి పేరు మొదటి అక్షరం వాడతారు. కొన్ని కాగితాల్లో అదే అక్షరాన్ని ఎవరో ఇంటిపేరుగా విస్తరించి రాసి ఉంటారు. పెళ్లికి ముందు తీసుకున్న పాలసీలో ఆడవారి పేరు పుట్టింటి ఇంటిపేరుతో ఉండిపోతుంది. ఈ తేడాలకు ఆధార్ ప్రతి, పేరు మార్పు ఆధారం జతచేసి పాలసీ శాఖలో దరఖాస్తు ఇస్తే ఎండార్స్‌మెంట్, అంటే మార్పు నమోదైనట్టు రాత, వేసి ఇస్తారు. ఆధార్‌లోనే తప్పుంటే ముందు ఆధార్‌ను దిద్దించి, ఆ తరువాత మిగతావి దిద్దించాలి. ఈ వరుస తప్పితే రెండుసార్లు తిరగవలసి వస్తుంది.

వయసు. పాత జీవిత బీమా బాండ్లలో వయసు అంగీకరించినదీ లేనిదీ తెలిపే గడి ఉంటుంది. అంగీకరించలేదని ఉంటే క్లెయిము నాడు వయసు రుజువు అడుగుతారు. టెన్త్ సర్టిఫికెట్ లేని పెద్దల విషయంలో దీన్ని ఇప్పుడే నమోదు చేయించడం చాలా అవసరం.

నామినీ. పెళ్లికి ముందు తీసుకున్న పాలసీలో తల్లిదండ్రుల పేరే ఉండిపోవడం, నామినీ మరణించినా మార్చకపోవడం తరచుగా కనిపిస్తాయి. నామినీ మైనరైతే అపాయింటీ (మైనరు తరఫున డబ్బు తీసుకునే పెద్ద మనిషి) పేరు ఉందా, ఆ అపాయింటీ ఇప్పుడు ఉన్నారా అన్నది చూడాలి. బీమా చట్టంలోని 39వ సెక్షను ప్రకారం నామినీని పాలసీ నడుస్తున్నంతకాలం ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. మార్పు కోరుతూ దరఖాస్తు ఇచ్చి ఊరుకోకుండా, మార్పు నమోదైనట్టు కాగితం చేతికి వచ్చేవరకు పని పూర్తి కాలేదని భావించండి.

బ్యాంకు ఖాతా. కంపెనీ దగ్గర నమోదైన ఖాతా, ఐ.ఎఫ్.ఎస్.సి. నేటికి చెల్లుతాయా? 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో, సిండికేట్ బ్యాంకు కెనరా బ్యాంకులో కలిశాయి. చిత్తూరు కేంద్రంగా నడిచిన సప్తగిరి గ్రామీణ బ్యాంకు 2025 మే 1 నుంచి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో భాగమైంది. ఈ బ్యాంకుల్లో ఖాతా ఉండి, పాలసీలో పాత వివరాలే ఉన్నవారు కొత్త వివరాలతో నెఫ్ట్ మాండేటు ఫారాన్ని (డబ్బు నేరుగా ఖాతాలో వేయమని ఇచ్చే ఫారం), రద్దు చేసిన చెక్కును శాఖలో ఇచ్చి రసీదు తీసుకోవాలి.

చిరునామా. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడింది కనుక అంతకుముందు తీసుకున్న తిరుపతి, చంద్రగిరి, శ్రీకాళహస్తి వాసుల పాలసీల్లో చిత్తూరు జిల్లా అని, వెంకటగిరి వాసుల వాటిలో నెల్లూరు జిల్లా అని ఉంటుంది. జిల్లా పేరు పాతదైనంత మాత్రాన పాలసీ చెల్లకుండా పోదు. దీనికోసం హడావుడి పడనక్కరలేదు. ఇల్లు మారి ఉంటే, ఫోను నంబరు మారి ఉంటే మాత్రం తప్పక మార్చాలి, ఎందుకంటే ప్రీమియం గుర్తులు, ఓ.టి.పి.లు పాత నంబరుకే పోతాయి.

సంతకం. వయసు మీదపడి సంతకం మారినవారు, వేలిముద్రకు మారినవారు ఆ సంగతిని శాఖకు తెలిపి కొత్తది నమోదు చేయించుకోవాలి.

ఆరోగ్య బీమాలో మరొక అంశం కలుస్తుంది. ప్రపోజల్ ఫారంలో పాత జబ్బుల గురించి ఏం రాశారో చదవండి. ఏజెంటు నింపిన ఫారంలో చక్కెర వ్యాధి, రక్తపోటు ఉన్నా "లేదు" అని టిక్కు పెట్టి ఉంటే, అది క్లెయిము తిరస్కారానికి దారి తీస్తుంది. కంపెనీకి ఇప్పుడే లిఖితపూర్వకంగా తెలపడం, దాని వల్ల ప్రీమియమో వేచి ఉండే కాలమో పెరిగినా, నష్టం తక్కువ దారి. కొత్తగా తీసుకున్న పాలసీ అయితే పత్రం చేతికందిన 30 రోజుల్లో, నచ్చకపోతే తిరిగి ఇచ్చేసే హక్కు ఉంది. కాబట్టి ఈ చదువు పాలసీ వచ్చిన వారంలోనే పెట్టుకోవాలి.

5. బాండు ఇంట్లో లేకపోతే

బాండు పోయిందని తేల్చేముందు అది ఎక్కడైనా తాకట్టులో ఉందేమో చూడాలి. పాలసీ మీద అప్పు తీసుకుంటే బాండు బీమా శాఖ దగ్గరే ఉంటుంది. ఇంటి రుణానికి హామీగా రాసిస్తే బ్యాంకు దగ్గర ఉంటుంది. ఫైలులో ఆ బాండు స్థానంలో జెరాక్సు పెట్టి, అసలు ఎవరి దగ్గర, ఏ తేదీ నుంచి ఉందో పైన రాయండి. అప్పు తీరిన వెంటనే బాండుతోపాటు రీఅసైన్‌మెంట్ (పాలసీ హక్కు తిరిగి మీకే ఇచ్చినట్టు రాత) రాయించుకుని, నామినీ నమోదును శాఖలో మళ్లీ నిర్ధారించుకోవడం క్షేమం. అప్పు తీర్చి ఇంటి పత్రాలు తెచ్చుకొని, బీమా బాండును బ్యాంకులోనే మరచిపోయినవారు మీరనుకున్నదానికన్నా ఎక్కువమందే ఉంటారు.

నిజంగానే పోయిందంటే పాలసీ శాఖలో డూప్లికేటు బాండుకు దరఖాస్తు ఇవ్వాలి. శాఖ చెప్పిన విలువ గల స్టాంపు పేపరు మీద ఇండెమ్నిటీ బాండు (నష్టం వస్తే భరిస్తామన్న హామీ పత్రం), గుర్తింపు పత్రాలు, నిర్ణీత రుసుము అడుగుతారు. మొత్తాన్ని బట్టి పత్రికా ప్రకటన కూడా అడగవచ్చు. ఇది కూడా పాలసీదారు ఉండగా చేసుకోవలసిన పనే.

6. మొదటి పేజీ

ఫైళ్లకన్నా ఈ ఒక్క కాగితం విలువైనది. నోటుపుస్తకంలోని జాబితాను శుభ్రంగా తిరగరాసి, అన్ని ఫైళ్లకూ ముందు ఉంచాలి. ఇంట్లో అందరూ చదవగల భాషలో, అంటే తెలుగులో, చేతితో రాయండి; పాలసీ నంబర్లు, కంపెనీ పేర్లు మాత్రం బాండులో ఉన్నట్టే దించండి.

ప్రతి పాలసీకీ రాయవలసినవి:

□ ఎవరి మీద, ఏ కంపెనీ, ఏ శాఖ, పాలసీ నంబరు
□ ఎంత మొత్తానికి, ఎప్పటినుంచి ఎప్పటివరకు
□ ప్రీమియం ఎంత, ఏ తేదీన, ఏ ఖాతా నుంచి
□ నామినీ, మైనరైతే అపాయింటీ
□ అసలు బాండు ఎక్కడ ఉంది
□ ఏజెంటు లేదా కంపెనీ ఫోను నంబరు

పేజీ చివర ఇంకొక మూడు వరుసలు రాయాలి: భవిష్యనిధి ఖాతా యు.ఎ.ఎన్. నంబరు, జీవన జ్యోతి, సురక్షా పద్దులున్న బ్యాంకు శాఖలు, పేజీని చివరిసారి సరిచూసిన తేదీ. పాస్‌వర్డులు, పిన్ నంబర్లు ఇందులో రాయవద్దు.

ఈ పేజీని మూడు ప్రతులు చేయండి. ఒకటి ఫైలులో, ఒకటి వేరే ఊళ్లో ఉన్న పిల్లల దగ్గరో నమ్మకమైన తోబుట్టువు దగ్గరో, ఒకటి నామినీ చేతిలో. భార్య పేరు నామినీగా ఉండి, ఆ సంగతి ఆమెకు చెప్పని ఇళ్లు ఇంకా ఉన్నాయి. అలాంటి చోట ఎంత మంచి ఫైలైనా వృథా.

7. ఫైళ్లు కట్టి, పెట్టవలసిన చోట పెట్టడం

ప్రాణం మీద బీమాల ఫైలులో ఒక్కొక్క పాలసీకి ఒక్కొక్క కాగితపు కవరు. కవరులో బాండు, చివరి ప్రీమియం రసీదు, ఎండార్స్‌మెంట్లు, అసైన్‌మెంట్ కాగితాలు. పాత రసీదులన్నీ పోగు చేయనక్కరలేదు. ఏడాదికొకసారి కంపెనీ ఇచ్చే ప్రీమియం చెల్లింపు ధ్రువపత్రం ఉంటే చాలు.

ఆసుపత్రి ఫైలు వేరే రంగుది, చేత్తో పట్టుకుని పరిగెత్తేటంత తేలికైనది కావాలి. చిత్తూరు నుంచి వైద్యానికి వేలూరు వెళ్లేవారు, తిరుపతి నుంచి చెన్నై వెళ్లేవారు ఎంతోమంది కనుక, ఫైలులో రాష్ట్రం దాటితే పనికొచ్చేదేది, రానిదేది స్పష్టంగా ఉండాలి. మొదటి అరలో కార్డులు, పాలసీ షెడ్యూలు (పాలసీ వివరాల పేజీ), టి.పి.ఎ. (కంపెనీ తరఫున క్లెయిములు చూసే సంస్థ) నంబరు, ఆధార్ ప్రతులు, వెళ్లే అవకాశమున్న ఆసుపత్రులు కంపెనీ నెట్‌వర్కులో ఉన్నాయో లేవో రాసిన చీటీ. రెండో అరలో తాజా మందుల చీటీలు, పాత డిశ్చార్జి సమ్మరీలు. మూడో అరలో మొదటి ఏడాది నుంచి నేటివరకు అన్ని పాలసీ షెడ్యూళ్లు, ఒక్కటీ వదలకుండా.

పాత షెడ్యూళ్లు ఎందుకంటే, పాత జబ్బులకు వేచి ఉండే కాలాన్ని, 60 నెలల మారటోరియం కాలాన్ని (అది దాటితే మోసం తప్ప, వివరాలు దాచారన్న కారణంతో క్లెయిము తిరస్కరించకూడదు) ఎడతెగని పాలసీ ఉన్న రోజుల నుంచి లెక్కిస్తారు. కంపెనీ మారినవారికి ఇవే రుజువు. కంపెనీ మారదలచినవారు రెన్యువల్ తేదీకి కనీసం 45 రోజుల ముందే దరఖాస్తు చేయాలి కనుక ఆ తేదీని మొదటి పేజీలో రాసుకోండి.

డబ్బు ముందు కట్టి తరువాత రాబట్టుకునే క్లెయిములో అసలు బిల్లులు కంపెనీకి వెళ్లిపోతాయి. ఇచ్చే ముందు మొత్తం కట్టను జెరాక్సు తీసి, ఇచ్చినట్టు ముద్ర వేయించుకున్న ప్రతిని ఉంచుకోవాలి. రెండు పాలసీలు ఉన్నవారు మొదటి కంపెనీ నుంచి సెటిల్‌మెంట్ లేఖ, ధ్రువీకరించిన బిల్లు ప్రతులు తీసుకుంటేనే మిగిలిన మొత్తాన్ని రెండో కంపెనీని అడగగలరు.

బండ్ల ఫైలు సులువు: ఆర్‌సీ ప్రతి, నడుస్తున్న పాలసీ, నిరుటి పాలసీ, నో క్లెయిమ్ బోనస్ (క్లెయిము చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) కాగితం. పాలసీ ముగిసిన 90 రోజుల్లో రెన్యువల్ చేయకపోతే ఆ బోనస్ పోతుంది. పాత బండి కొన్నవారు 14 రోజుల్లోగా పాలసీని తమ పేరుకు మార్చమని దరఖాస్తు చేయాలి.

ఇంటి ఫైలులో పాలసీతోపాటు ఫ్రిజ్, టీవీ, మోటారు వంటి వాటి బిల్లులు, గదిగదికీ తీసిన ఫొటోలు ఉంచాలి. భారత్ గృహ రక్షా పాలసీలో కట్టడానికి బీమా తీసుకుంటే సామానుకు దాని మొత్తంలో 20 శాతం, 10 లక్షలకు మించకుండా, దానంతటదే వర్తిస్తుంది. నగలు అందులో రావు, విడిగా చేర్చుకోవాలి. పశువుల బీమాలో చెవి పోగు నంబరు పత్రంలోని నంబరుతో సరిపోలాలి. పోగు ఊడిపోతే వెంటనే కంపెనీకి తెలిపి కొత్తది వేయించాలి. పోగు లేని పశువుకు క్లెయిము రాదు.

ఇక చోటు. 2021 నవంబరు వానల్లో తిరుపతిలో పల్లపు కాలనీల ఇళ్లలోకి నీళ్లు వచ్చినప్పుడు మొదట తడిసినవి బీరువా కింది అరలు, మంచం కింది ట్రంకు పెట్టెలు. కనుక నడుము ఎత్తుకు పైన ఉన్న ఇనుప బీరువా అరలో పెట్టండి. బీరువాను గోడకు ఆనించవద్దు, చెదలు గోడ వెంటే ఎక్కుతాయి. అటక మీద వేసవి వేడి, వానకు కారే నీరు రెండూ ఉంటాయి, అక్కడ వద్దు. వాన సూచన వచ్చిన రోజుల్లో నాలుగు ఫైళ్లనూ జిప్పున్న మందపాటి కవరులోకి మార్చి, ఆ కవరును చేతికందే చోట ఉంచితే చాలు.

బ్యాంకు లాకరులో జీవిత బీమా బాండ్లు పెట్టేవారు ఒక సంగతి గమనించాలి. లాకరు ఒక్కరి పేరునే ఉండి, నామినీ లేకపోతే, ఆ మనిషి పోయాక బాండును తీయడానికే ఎన్నో కాగితాలు కావాలి. ఉమ్మడి పేరు గాని నామినీ గాని ఉంటేనే అక్కడ పెట్టండి.

8. ఫోనులో, కంప్యూటరులో

2024 ఏప్రిల్ 1 నుంచి కొత్త పాలసీలను ఎలక్ట్రానిక్ రూపంలో ఇవ్వడం తప్పనిసరి అయింది. వీటన్నిటినీ ఒకచోట చూపేది ఇ-ఇన్సూరెన్స్ ఖాతా. తెరవడానికి రుసుము లేదు, పాత కాగితపు బాండ్లను కూడా అందులోకి మార్పించవచ్చు. తెరిచేటప్పుడు ఆథరైజ్డ్ రిప్రజెంటేటివ్ అనే గడిని ఖాళీగా వదలవద్దు. ఖాతాదారు పోయాక అందులోని వివరాలు చూడగలిగేది ఆ మనిషే. డిజిలాకరులో బండి పాలసీ, ఆర్‌సీ ఉంటే తనిఖీలో అవి చెల్లుతాయి.

కాగితపు బాండ్లను పేజీ మొత్తం కనపడేలా, వెనుక వైపు ఎండార్స్‌మెంట్లతో సహా స్కాన్ చేసి, ప్రతి ఫైలుకూ మనిషి పేరు, బీమా రకం, సంవత్సరం అన్న వరుసలో పేరు పెట్టండి. వాట్సాప్‌లో పంపుకొని వదిలేస్తే ఫోను మారిన రోజున పోతాయి. ఇంట్లో ఇంకొకరికి కూడా తెరవడానికి వీలున్న క్లౌడ్ ఫోల్డరులో, అది కాక ఒక పెన్‌డ్రైవులో ఉంచండి.

9. తరచు జరిగే పొరపాట్లు, వాటికి సవరణ

బాండును లామినేషన్ చేయించడం. జాగ్రత్త అనుకుని చేస్తారు గాని, తరువాత ఎండార్స్‌మెంట్ వేయడానికి, ముద్ర కొట్టడానికి వీలుండదు. చేయించేసి ఉంటే పీకే ప్రయత్నం చేయవద్దు, చినుగుతుంది. శాఖకు తీసుకెళ్లి అడగండి.

మెషీను నుంచి వచ్చే మెరుపు కాగితపు రసీదులను అలాగే ప్లాస్టిక్ కవరులో పెట్టడం. కొద్ది నెలల్లో అక్షరాలు వెలిసిపోతాయి. వచ్చిన రోజునే జెరాక్సు తీసి, రెంటినీ కలిపి కాగితపు కవరులో ఉంచాలి.

ఫైలులో కర్పూరం ఉండలు, పచ్చి వేపాకు వేయడం. ఉండలు ప్లాస్టిక్‌ను మెత్తబరుస్తాయి, పచ్చి ఆకు తేమ తెస్తుంది. ఏడాదికి రెండుసార్లు తీసి నీడలో ఆరబెట్టడమే సరైన మందు.

అసలు బాండును ఏజెంటు దగ్గర ఉంచడం. ఎంత నమ్మకస్తుడైనా వద్దు. సవరణకు ఇవ్వవలసి వస్తే శాఖలో మీరే ఇచ్చి రసీదు తీసుకోండి.

"మీ పాలసీకి బోనస్ ఆగిపోయింది, రుసుము కడితే వస్తుంది" అన్న ఫోనుకు పాలసీ నంబరు చెప్పడం. బీమా నియంత్రణ సంస్థ ఎవరికీ బోనస్ పంచదు, పాలసీ అమ్మదు. అలాంటి ఫోను వస్తే పెట్టేసి, బాండు మీద ఉన్న శాఖలో విచారించండి.

శాఖలో ఇచ్చిన దరఖాస్తుకు జవాబు రాకపోతే ముందు కంపెనీ ఫిర్యాదు విభాగానికి రాయాలి. ఆ తరువాత బీమా భరోసా పోర్టల్‌లో గాని, 155255 నంబరుకు గాని ఫిర్యాదు చేయవచ్చు. కంపెనీ తిరస్కరించినా, 30 రోజుల్లో జవాబు ఇవ్వకపోయినా, హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు (బీమా వివాదాలు తీర్చే అధికారికి) ఏడాదిలోగా రాసుకోవచ్చు. రుసుము లేదు, వకీలు అక్కరలేదు. ఇందుకు పనికొచ్చేవి మీరు దాచిన రసీదు ప్రతులే.

10. ఏది ఎంతకాలం ఉంచాలి

జీవిత బీమా బాండు డబ్బు ఖాతాలో పడేవరకు. ఆరోగ్య బీమా షెడ్యూళ్లు పాలసీ నడిచినంతకాలం. బండి పాత పాలసీలు మూడేళ్లు. ప్రమాదం జరిగి కేసు నడుస్తుంటే అది తేలేవరకు. పన్ను మినహాయింపుకు చూపిన ప్రీమియం ధ్రువపత్రాలను ఎనిమిదేళ్లు ఉంచడం నా సలహా. సామాను బిల్లులు ఆ వస్తువు ఇంట్లో ఉన్నంతకాలం.

పారవేసేవాటిని పాత పేపర్ల వాడికి వేయవద్దు. పేరు, నంబరు, సంతకం ఉన్న భాగాలను చించి కాల్చేయండి.

11. ఏడాదికొకసారి చూసుకోవలసినవి

జూన్ మొదటి వారం అనుకూలం. అప్పటికి జీవన జ్యోతి, సురక్షా పద్దులు పాసుపుస్తకంలో పడి ఉంటాయి.

□ పాసుపుస్తకంలో 436, 20 రూపాయల పద్దులు పడ్డాయా
□ ఇంట్లో పెళ్లి, పుట్టుక, మరణం, ఇల్లు మారడం జరిగి ఉంటే నామినీ, చిరునామా మార్చారా
□ మైనరు నామినీకి 18 నిండాయా
□ తీరిన అప్పుల తాలూకు బాండ్లు చేతికి వచ్చాయా
□ ఆరోగ్య బీమా కొత్త షెడ్యూలు ఆసుపత్రి ఫైలులో చేరిందా, నెట్‌వర్కు చీటీ నేటిదేనా
□ మొదటి పేజీ మూడు ప్రతులూ ఒకేలా ఉన్నాయా
□ గతించిన పెద్దల పేరున అడగని మొత్తాలు ఉన్నాయేమో కంపెనీల వెబ్‌సైట్లలో వెతికారా

చివరి అంశానికి పాలసీ నంబరు తప్పనిసరి కాదు. పేరు, పుట్టిన తేదీ, పాన్‌తో కూడా వెతకవచ్చు. పదేళ్లు దాటినా ఎవరూ అడగని మొత్తాలు వృద్ధుల సంక్షేమ నిధికి వెళతాయి. అక్కడికి చేరాక కూడా 25 ఏళ్లలోగా హక్కుదారులు ఆ కంపెనీ ద్వారానే అడగవచ్చు కనుక, తాతల నాటి ట్రంకు పెట్టెలో దొరికిన బాండును కూడా ఒకసారి శాఖలో చూపించండి.